గేరులో ఒక్క పన్ను తేడా

ప్రశ్న: ఫోర్డ్ మోడల్ టి కారు ఇంజన్ 2.9 లీటర్లు, పవర్ చూస్తే 20 హార్స్‌పవరే. క్యామ్ టైమింగే (వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో క్యామ్ అనే ఇరుసు నిర్ణయించే తీరు) కారణమా సార్?

జవాబు: కొంతవరకు అదేనండీ, కంప్రెషన్ (సిలిండర్లో గాలి, పెట్రోలు కలిసి నొక్కుకునే మోతాదు) కూడా తక్కువే. 1908 నాటి మట్టిరోడ్లకు కావలసింది వేగం కాదు, లాగుడు. అందుకే వాల్వులు కాసేపే తెరుచుకునే క్యామ్ పెట్టారు. పిస్టన్ పైకి మళ్లాక కూడా గాలి లోపలికి వచ్చే ఇన్లెట్ వాల్వ్ మరీ ఆలస్యంగా మూసుకుంటే, నెమ్మది మీద పీల్చిన గాలి వెనక్కి పోతుంది. వేగంలో ఆ గాలికి ఊపుంటుంది కాబట్టి ఇంకా లోపలికే దూరుతుంది. రేసు ఇంజన్ల బలం అక్కడే!

ఒకసారి ఆ ఇంజన్ బిగిస్తూ క్యామ్ గేరు ఒక పన్ను తప్పించాను. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గేరుకు 24 పళ్లు, క్యామ్‌ గేరుకు 48. అంటే ఒక పన్నుకు క్రాంకు మీద 15 డిగ్రీల తేడా. స్టార్టయింది కానీ చిన్న మిట్ట ఎక్కలేక రొప్పింది. మళ్లీ విప్పి, గేర్ల మీది గుర్తులు కలిపాక వచ్చిన ఆ నిండైన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.