ధర తగ్గించి అమ్మడం వల్లే అమెరికా చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ పోటీదారులందర్నీ మింగేశాడా?

అది సగం నిజం. అసలు కిటుకు రైలు కిరాయిలో ఉంది.

రాక్‌ఫెల్లర్ కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ 1870లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 10 లక్షల డాలర్ల మూలధనంతో మొదలైంది. రోజుకు 60 వ్యాగన్ల సరుకు ఖాయంగా ఇస్తామంటే రైల్వే కిరాయి తగ్గించింది. వ్యాగన్లు ఖాళీగా పడి ఉండవు కాబట్టి రైల్వేకూ అది లాభమే. ఇంతవరకు మామూలు బేరం. 1872లో రైల్వేలతో కుదిరిన రహస్య ఒప్పందం మాత్రం దారుణం. చమురు బావుల నుంచి క్లీవ్‌లాండ్‌కు తెచ్చుకునే పీపాకు కిరాయిలో 40 సెంట్లు వెనక్కి రావడమే కాదు, పోటీదారుడు తెచ్చుకునే పీపా మీద కూడా మరో 40 సెంట్లు వీళ్లకే! గొడవై అది అమలుకాకుండానే రద్దయింది. కానీ ఆ భయంతోనే ఊళ్లోని 26 రిఫైనరీల్లో 22 కొద్ది వారాల్లో స్టాండర్డ్ ఆయిల్‌కు అమ్ముడుపోయాయి.

పొదుపూ తక్కువది కాదు. ఎగుమతి కిరసనాయిలు డబ్బాకు 40 చుక్కల టంకం వేసేవారు. 38తో వేసి చూస్తే కొన్ని కారాయి, 39తో ఒక్కటీ కారలేదు. అదే ఖాయం చేశారు.

ఒక రాష్ట్రపు కంపెనీ మరో రాష్ట్రపు కంపెనీ వాటాలు పెట్టుకోవడానికి చట్టం అడ్డొచ్చింది. అందుకే 1882లో వాటాలన్నీ తొమ్మిది మంది ట్రస్టీల చేతిలో పెట్టి, వాటాదారులకు సర్టిఫికెట్లు ఇచ్చారు. ‘ట్రస్ట్’ అనే మాట తిట్టుగా మారింది ఆ తర్వాతే. 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ 34 కంపెనీలుగా విడిపోయింది. వాటి వాటాలు పెరిగి రాక్‌ఫెల్లర్ మరింత ధనవంతుడయ్యాడు!