పాత టీవీ బొమ్మలాటలు ఇంట్లో వీడియో క్యాసెట్లలో దొరుకుతాయా?

దొరుకుతాయండీ. మాకు దొరికింది కాబట్టే రాస్తున్నా.

అమెరికా పిల్లల బొమ్మల టీవీ కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' పాత ఎపిసోడ్ బయటపడినట్టు, చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసిన తోలుబొమ్మలాట కూడా ఎక్కడైనా ఉంటుందా అని కదా మీరు అడిగింది. అక్కడొక తేడా ఉంది. నటి మార్గరెట్ హామిల్టన్ మంత్రగత్తెగా వచ్చిన ఆ 847వ ఎపిసోడ్ 1976 ఫిబ్రవరి 10న ప్రసారమైంది. పిల్లలు జడుసుకుంటున్నారని తల్లిదండ్రులు ఉత్తరాలు రాస్తే మళ్లీ వేయలేదు, అంతే. దాన్నెవరూ చెరిపేయలేదు, అందుకే 2022లో యూట్యూబ్‌లోకి రాగలిగింది. మామూలుగా అయితే అప్పట్లో టేపు ఖరీదెక్కువ. చాలా దేశాల్లో టీవీ వాళ్లు ఒకదాని మీదే ఇంకొకటి రికార్డు చేసేవాళ్లు. ఇళ్లలో మనమూ అదే చేశాం.

నాన్నగారు పోయాక మల్కాజిగిరి ఇంట్లో అటక సర్దుతుంటే, ఆయన చేతిరాతతో 'అమ్మాయి పెళ్లి - 2' అని ఒక క్యాసెట్ కనిపించింది. వేశాం. అప్పగింతలు అయిపోయి తెరంతా చుక్కలు. ఆపబోతుంటే అక్క "ఉండరా" అంది. కాసేపటికి తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క! ఆవిడ చుట్టూ గెంతుతూ కేతిగాడు. వెనక దీపం వెలుగుకి తోలు మీది ఎరుపు కణకణలాడుతోంది. దగ్గరగా చూపించినప్పుడు మోచేతి దగ్గరి దారం ముడి కూడా కనిపించింది. పదకొండు నిమిషాలు. కరెంటు పోయినట్టుంది, మాట మధ్యలోనే తెగింది. అక్క కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వేయమంది.

అందుకని లేబుల్ నమ్మకండి, ప్రతి క్యాసెట్టూ చివరిదాకా చూడండి. క్యాసెట్ మీద ఈ-180 అని ఉంటే మూడు గంటల టేపు. పెళ్లి రెండుంపావు గంటల్లో అయిపోతే, మిగతా ముప్పావు గంటలో అంతకుముందు రికార్డు చేసింది అలాగే ఉండిపోతుంది.

కానీ దొరికిన వెంటనే వీసీఆర్‌లో పెట్టేయకండి, దయచేసి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తుందా? అది బూజు. రెండో క్యాసెట్ అలాగే పెట్టేశాను. వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ పాడైంది, టేపు నలిగిపోయింది. అందులో ఏముందో ఇక తెలియదు, ఆ బాధ ఇంకా ఉంది. బూజు పట్టినవి వేరే కవర్లో ఉంచి, శుభ్రం చేయడం బాగా తెలిసినవాళ్లకే ఇవ్వండి. క్యాసెట్ వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే పొరపాటున దాని మీద ఇంకోటి రికార్డు కాదు. నా వీసీఆర్ బాగుచేసిన పెద్దాయన హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికారు.

మీ క్యాసెట్లలో ఏదైనా బొమ్మలాట కనిపిస్తే తప్పకుండా చెప్పండి. "బంగారీ, ఆ మూటలో ఏముందో..." అని కేతిగాడు అనేదాకా మా దగ్గరుంది.