వచ్చేద్దామనుకుంటున్న అక్క కూతురికి

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "పిన్నీ, అమెరికా నుంచి వచ్చేద్దామనుకుంటున్నాం, నువ్వేమంటావ్" అని అడిగావు. ఫోన్‌లో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నా.

మేమూ అక్కడ ఎడిసన్‌లో పన్నెండేళ్లు ఉన్నాం. అందులో ఆరేళ్లు "వచ్చే ఏడాది వెళ్లిపోదాం" అనుకుంటూనే గడిచిపోయాయి. గ్రీన్ కార్డ్ రానీ అన్నాం, ఇంటి అప్పు కొంత తీరనీ అన్నాం, ఆ తర్వాత పాప స్కూల్. మీరు మాత్రం ముందు తేదీ పెట్టుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. అంతకంటే ముందు మీ ఆయనకు నిజంగా ఇష్టమేనా, నీకోసం సరే అంటున్నాడా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. సగం మనసుతో వచ్చినవాళ్లు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతిసారీ నీ వంక చూస్తారు.

అమ్మ కోసం వస్తున్నా అన్నావు. అక్క గుంటూరు వదిలి రాదు, ఆ సంగతి నీకూ తెలుసు. మీ ఉద్యోగాలు హైదరాబాద్‌లో. కారులో ఐదారు గంటల దూరం. దగ్గరికొచ్చాం కదా అని నువ్వనుకుంటావు, ఇంత దగ్గరుండీ రాదేమిటని అక్క అనుకుంటుంది. మా అత్తగారి విషయంలో నాకిదే జరిగింది, రెండేళ్లు ఇద్దరం మాటల్లేకుండా బాధపడ్డాం. నెలకు ఎన్నిసార్లు వెళ్లగలవో, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారో నువ్వూ మీ ఆయనా ముందే మాట్లాడుకోండి. ఆవిడ లేచి తిరుగుతున్నప్పుడే రండి, ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చాక కాదు.

పెద్దవాడికి తొమ్మిదేళ్లంటే మంచి వయసే. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో వచ్చింది, మొదటి ఏడాదంతా బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చేది. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ స్కూళ్లలో కూడా తెలుగు చెప్పాల్సిందే, కాబట్టి ఇప్పటినుంచే వాడికి అక్షరాలు దిద్దించు. పిల్లలిద్దరికీ ఓసీఐ కార్డులు, అదే విదేశీ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇక్కడ ఉండటానికి ఇచ్చేవి, అక్కడే తీసుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకో, 2021 మార్చి 4 తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలకి నీట్‌లో ఎన్నారై కోటా సీట్లే. డాక్టర్ చదివించాలన్న ఆశ ఉంటే ఆ ఫీజు లెక్క ముందే వేసుకోండి.

డబ్బు సంగతి. పదకొండేళ్లు అక్కడున్నారు కాబట్టి వచ్చాక రెండేళ్లో, తేదీ కలిసొస్తే మూడేళ్లో ఆర్‌ఎన్‌ఓఆర్ హోదా ఉంటుంది, అంటే పన్ను లెక్కలో మిమ్మల్ని ఇంకా పూర్తిస్థాయి నివాసిగా చూడరు. ఆ రోజుల్లో అక్కడి వడ్డీ, అద్దె, షేర్ల లాభాలు అక్కడి ఖాతాలోనే పడితే ఇక్కడ పన్ను ఉండదు. అమ్మాల్సినవి అప్పుడే అమ్మేయండి. ఆ గడువు అయిపోయాక విదేశీ ఖాతాలన్నీ ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి, దాస్తే పది లక్షల పెనాల్టీ పడొచ్చు. రాగానే బ్యాంకుకి చెప్పి ఎన్నారైలకిచ్చే ఎన్‌ఆర్‌ఈ ఖాతాల్ని మామూలు ఖాతాలుగా మార్పించుకోండి, డాలర్లలోనే ఉంచుకోవాలంటే తిరిగొచ్చినవాళ్ల కోసం ఆర్‌ఎఫ్‌సీ అనే విదేశీ కరెన్సీ ఖాతా ఉంది. రిటైర్‌మెంట్ కోసం దాచుకున్న 401కే ఖాతా జోలికి పోవద్దు, యాభై తొమ్మిదిన్నర నిండకముందు తీస్తే మామూలు పన్ను కాక 10 శాతం జరిమానా. సోషల్ సెక్యూరిటీకి, అదే అక్కడి ప్రభుత్వ పింఛనుకి, కావాల్సిన 40 క్రెడిట్లు నీ ఉద్యోగంలో పోగయ్యాయో లేదో చూసుకో. దీని మీద రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడి ఉద్యోగంతో ఆ లోటు పూడదు, ఒకటో రెండో తక్కువైతే ఆర్నెల్లు ఆగి రావడమే మేలు. రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏకి ఫీజు ఇవ్వడానికి వెనకాడొద్దు, మేం వెనకాడి చాలా పోగొట్టుకున్నాం.

గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన మీ ఐ-140 అర్జీ అప్రూవ్ అయింది కదా, మామూలుగా ఆ ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ వరస తేదీ, మీకే ఉంటుంది. తలుపు మూసుకుపోతుందన్న భయంతో ఆగిపోకండి.

అక్కకి మాత్రం టికెట్లు కొనేదాకా చెప్పకు. నేను తొందరపడి చెప్పేశాను. మా అమ్మ ఆరేళ్ల పాటు ప్రతి వేసవిలో మేడమీద గది కడిగించి, కొత్త దుప్పట్లు వేయించి, మళ్లీ మడిచి బీరువాలో పెట్టుకుంది.

నీ పిన్ని