టెలివిజన్ అంటే ఏమిటో మా అవ్వకి తెలుసు

ఒకరి పాప హోంవర్కులో టెలివిజన్‌కి తెలుగు పదం రాయమన్నారట. దూరదర్శన్ అని రాయాలా, దూరదర్శిని అని రాయాలా, అసలు టెలివిజన్ అన్న మాట ఎక్కడ పుట్టింది అని వాళ్ళు అడిగారు.

పాపని టీవీ అని రాయమనండి. టీవీలో, టీవీకి, టీవీలు, టీవీవాళ్ళు అంటూ మన ప్రత్యయాలన్నీ తగిలించుకుని తిరుగుతున్న మాట ఇంకా పరాయిది ఎట్లా అవుతుంది? నేను ఏడో తరగతిలో వ్యాసంలో టీవీ అని రాస్తే మా తెలుగు అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టేసి పైన దూరదర్శిని అని రాశారు. సైన్సు పుస్తకంలో దూరదర్శిని అంటే టెలిస్కోపు. అదే మాట చెప్పబోతే కూర్చోమన్నారు, రెండు మార్కులు తీసేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఇక దూరదర్శన్ అంటారా, అది జనం నోట్లో ఎప్పుడూ ఛానల్ పేరే. "మా ఇంట్లో దూరదర్శన్ రిపేరుకొచ్చింది" అన్నవాళ్ళని నేను ఒక్కరిని కూడా చూడలేదు.

మాట పుట్టుక సంగతి. 1900 ఆగస్టులో పారిస్‌లో, అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో కాన్‌స్టాంటిన్ పెర్‌స్కీ అనే రష్యన్ చదివిన పత్రంలో ఈ మాట వాడాడు. టెలి గ్రీకు మాట, దూరం అని. విజన్ లాటిన్ నుంచి వచ్చింది, చూపు అని. జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో కదిలే బొమ్మని యంత్రం మీద చూపించింది 1926 జనవరి 26న. అంటే మాట పుట్టిన పాతికేళ్ళ తర్వాత పెట్టె వచ్చింది. దూరంగా ఉన్నదాన్ని ఇక్కడ కూర్చుని చూడాలన్న ఆశ మనిషికి ముందునుంచీ ఉంది, దానికి పేరు కూడా ముందే పెట్టుకున్నాడు. నాకైతే ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

ఇప్పటి పిల్లలకి ఆ మాటలో ఉన్న "దూరం" తెలియదు. మాకు తెలుసు. మాది నెల్లూరు దగ్గరి కోవూరు పక్కన పల్లె. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చినా అది మాకు అందేది కాదు. 1975లో మొదలైన మద్రాసు కేంద్రమే మాకు దిక్కు, అది కూడా 180 కిలోమీటర్ల అవతల. మా ఊళ్ళో మొదటి టీవీ రైస్ మిల్లు మామది. మిద్దె మీద ఇనప గొట్టం నిలబెట్టి, మూడు పక్కలా తీగలు లాగి కట్టి, దాని నెత్తిన యాంటెన్నా, ఇంట్లో బూస్టరు. సముద్రపు గాలికి గొట్టం కొంచెం తిరిగినా తెర నిండా చుక్కలే. అప్పుడు ఒకడు మిద్దె ఎక్కి గొట్టం తిప్పాలి, ఒకడు మెట్ల మీద నిలబడాలి, ఒకడు కిటికీ దగ్గర ఉండాలి. మెట్ల మీద మనిషిని నేను.

"బొమ్మ పడిందా?"

"పడలా!"

"ఇప్పుడో?"

"గీతలు వస్తన్నాయి!"

"ఒరే అబ్బయా, ఆడ్నే ఉండు, కదలబాక!"

మావాళ్ళకి అది బొమ్మే. టూరింగ్ టాకీసులో తెర మీద పడేది బొమ్మ, ఈ పెట్టెలో పడేదీ బొమ్మే. హోంవర్కులో అచ్చ తెలుగు మాటే కావాలంటే ఇంతకంటే మంచిది లేదు. పత్రికలవాళ్ళు పెట్టిన బుల్లితెర అన్న మాట నాకు అసలు నచ్చదు. గోడంత టీవీలు వచ్చినా ఇంకా బుల్లితెరేనట.

ఇంకో సంగతి గమనించండి. "ఈరోజు టీవీలో ఏం సినిమా వేస్తున్నాడు?" అంటాం. ఎవడు వేస్తున్నాడు? "కరెంటు తీసేశాడు" అన్నట్టే ఇదీ. ఆ పెట్టె వెనకాల ఎక్కడో ఒక మనిషి ఉన్నాడని మన భాష ఒప్పుకుంటుంది.

1984 నవంబరు 3. ఇందిరా గాంధీ అంత్యక్రియలు ఢిల్లీ నుంచి చూపిస్తున్నారని మిల్లు మామ హాలు తలుపులు రెండూ తెరిపించాడు. ఊరు ఊరంతా వచ్చింది. లోపల చోటు చాలక మగవాళ్ళు అరుగు మీద, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు బొమ్మ బాగానే పడింది. మా అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ముందు వరసలో చాప మీద కూర్చుంది. బండి మీద పూలు, దారి పొడుగునా జనం, చివరికి చితి. నిప్పు పెట్టినప్పుడు హాల్లో ఆడవాళ్ళు బయటికే ఏడ్చారు. అవ్వ ఏడవలేదు. పొగ లేస్తా ఉంటే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రెప్ప వాల్చకుండా చూసింది.

ఇంటికి వచ్చాక ఆమె లోపలికి రాలేదు. నేరుగా దొడ్లోకి పోయి, బావి దగ్గర కట్టుకున్న చీరతోనే రెండు బిందెలు నెత్తిన పోసుకుంది.

"ఢిల్లీలో దహనం చేస్తే ఈడ తలకి పోసుకునేదేంది అత్తమ్మా, జలుబు చెయ్యదా?" అంది మా అమ్మ.

"కళ్ళతో చూసినాక చూసినట్టే గదమ్మా. పొగ కూడా చూస్తిని" అంది అవ్వ. పొడి చీర తెచ్చి అరుగు మీద పెట్టమని, మార్చుకున్నాకే గడప దాటింది. ఆ సాయంత్రం మిల్లు మామ ఇంట్లో అత్త కూడా హాలంతా నీళ్ళు పోసి కడిగించిందని తర్వాత తెలిసింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

టెలివిజన్ అర్థం మీద నేను చదివిన ఏ నిఘంటువూ దీనికి సాటి రాదు. దూరం చూడటం అంటే ఆమెకు నిజంగా చూడటమే. చావు చూస్తే మైల, దేవుణ్ణి చూస్తే పుణ్యం. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైనప్పుడు ఇదే అవ్వ స్నానం చేసి, అగరొత్తి వెలిగించి టీవీ ముందు కూర్చుంది. అది పిచ్చితనం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మన భాషలో దర్శనం అన్న మాటకి ఉన్న బరువు అది. చూడటం వల్ల చూసినవాళ్ళకి ఏదో ఒకటి అంటుతుంది.

ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి టీవీ పెడితే నలుగురు ఒకేసారి అరుస్తుంటారు, వెనక ఎక్కడో ఊరు మునిగిపోతున్న బొమ్మ తిరిగిందే తిరుగుతుంటుంది. అన్నం తింటూ చూస్తాం. మా అబ్బాయి అదే బొమ్మని ఫోనులో బొటనవేలితో పైకి తోసేస్తాడు. అవ్వ ఉంటే ఒక్కొక్క పూటకి ఎన్నిసార్లు తలకి పోసుకోవాల్సి వచ్చేదో అనిపించి నాకు ముద్ద దిగదు.

మిల్లు మామ యాంటెన్నా ఆ నవంబరు దాటలేదు. నెల మధ్యలో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను గాలికి గొట్టం సగానికి వంగి, యాంటెన్నా ఊడి పక్క దొడ్లో పడింది. పుల్లలు తలా ఒకటి ఏరుకున్నాం. నాకు దొరికిన అల్యూమినియం పుల్లని అవ్వ తీసుకుని, ఎండబోసిన వడ్ల మీద కోళ్ళని తోలడానికి చాలా ఏళ్ళు వాడింది.