వినాయక చవితికి విత్తనం, దసరాకల్లా గడ్డి

అమెరికాలో న్యూజెర్సీ మధ్యభాగంలో, అదే సెంట్రల్ జెర్సీలో మొదటి ఇల్లు కొన్నామనీ, జులై ఎండలకి లాన్, అంటే ఇంటి చుట్టూ ఉండే గడ్డి, మచ్చలు మచ్చలుగా ఎండిపోయిందనీ, ఆకురాలే కాలం ఫాల్‌లో ఏం చేయాలి, లాన్ కంపెనీకి అప్పజెప్పాలా అనీ అడిగారు కదా. నేనూ ఈ చుట్టుపక్కలే ఉంటానండీ. మొదటి రెండేళ్లూ అన్నీ తప్పులే చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ గడ్డి నిజంగా చచ్చిందో లేదో చూడండి. గుప్పెడు పట్టి లాగండి. వేళ్లు గట్టిగా పట్టుకుని ఉంటే ప్రాణం ఉన్నట్టే, చల్లబడి నాలుగు వానలు పడితే అదే లేస్తుంది. చాప చుట్టినట్టు మొత్తం లేచి వచ్చిందా, అడుగున గ్రబ్స్ అనే తెల్ల పురుగులు వేళ్లు కొరికేశాయన్నమాట. అప్పుడు ముందు వాటి సంగతి చూడాలి.

మన దగ్గర ఎక్కువగా ఉండేవి టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్. ఇవి చల్లదనానికి పెరిగే గడ్డి రకాలు. నేను మొదటి ఏడాది డల్లాస్‌లో ఉండే మా బావ మాట విని మే నెలంతా విత్తనం చల్లి నీళ్లు పెడుతూ కష్టపడ్డాను. వాళ్లది బెర్ముడా, అంటే చవితికి వినాయకుడికి పెట్టే మన గరిక జాతే. ఎండ పెరిగేకొద్దీ అది పాకుతుంది, మనది వాడుతుంది. నా మొలకలన్నీ జులైకి మాడిపోయాయి.

రెండో ఏడాది నెల సరిగ్గానే పట్టాను, సెప్టెంబరు. విత్తనం చల్లిన వారానికి, గరాజ్‌లో క్రాబ్‌గ్రాస్ ప్రివెంటర్ బ్యాగ్ కనబడింది, అంటే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలవకుండా వసంతంలో చల్లగా మిగిలిన మందు. అందులో ఎరువు కూడా ఉంది కదా అని ఎరువు చల్లే బండి స్ప్రెడర్‌లో పోసి కొట్టేశాను. కలుపు విత్తనాన్ని మొలవనివ్వని మందు గడ్డి విత్తనాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? మూడు వారాలు నీళ్లు పెట్టినా ఒక్క మొలక రాలేదు. విత్తనంతో పాటు వాడొచ్చని బ్యాగ్ మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప అలాంటి మందు జోలికి వెళ్లకండి. ఉన్న క్రాబ్‌గ్రాస్ మంచు పడితే ఎలాగూ చస్తుంది.

మూడో ఏడాది మా నాన్నగారు వచ్చారు. గట్టిగా బిగుసుకుపోయిన నేల మీద నేను విత్తనాలు విసురుతుంటే చూసి, "నారుమడి దున్నకుండానే పోస్తారా ఇక్కడ?" అన్నారు. నిజమే, విత్తనం మట్టికి తగలకపోతే పిచ్చుకలకి మేత. ఆ ఏడాది గడ్డిని రెండంగుళాలకి కోసి, ఎండుగడ్డిని పళ్ల చీపురులాంటి రేక్‌తో లాగేసి, ముందురోజు నేల తడిపి, పక్కింటాయనా నేనూ చెరిసగం అద్దె పెట్టుకుని ఏరేటర్, అంటే నేలకి చిన్న చిన్న రంధ్రాలు చేసే మిషన్, తెచ్చాం. అది తీసి పడేసే మట్టి ముక్కలు చూస్తే అసహ్యంగానే ఉంటాయి, కానీ ఏరేయకండి, వానకి వాటంతటవే కరిగిపోతాయి. తర్వాత టాల్ ఫెస్క్యూ విత్తనం, వెయ్యి చదరపు అడుగులకి దాదాపు అయిదు పౌండ్లు. సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి, రేక్ వెనక్కి తిప్పి తేలిగ్గా లాగాం.

నీళ్ల దగ్గరే చాలామంది తప్పుతారు. మొలకలు వచ్చేదాకా రోజుకి రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా, పైమట్టి ఆరకుండా పెట్టాలి. మడుగు కట్టకూడదు. మొలిచాక సార్లు తగ్గించి, లోతుగా దిగేలా పెట్టండి. ఫెస్క్యూ వారం పది రోజుల్లో కనబడుతుంది. బ్లూగ్రాస్‌కి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, కంగారుపడి మళ్లీ చల్లకండి. మూడున్నర అంగుళాలు దాటాకే మొదటి కోత, అదీ మూడో వంతుకి మించకుండా.

నా లెక్క పండగల లెక్క: చవితి అటూ ఇటూగా విత్తనం పడాలి, దసరా దాటితే ఆశ పెట్టుకోవద్దు. పండగల తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు నెలాఖరు అనుకోండి.

ఎరువు వేసేముందు సాయిల్ టెస్ట్ చేయించండి, రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్‌కి మట్టి పంపితే చాలు. పీహెచ్ బాగా తగ్గితేనే, అంటే మట్టిలో ఆమ్లం పెరిగితేనే సున్నం వేయాలి, ఊరికే వేయకూడదు. న్యూజెర్సీలో 2011 నుంచి ఎరువుల చట్టం ఉంది: కొత్తగా విత్తనం వేస్తున్నప్పుడో, టెస్ట్‌లో లోటు తేలినప్పుడో తప్ప ఫాస్ఫరస్ వేయకూడదు. నవంబరు 15 నుంచి మార్చి 1 వరకు ఇంటివాళ్లు నత్రజని గానీ ఫాస్ఫరస్ గానీ ఉన్న ఎరువు చల్లకూడదు.

కంపెనీకి ఇవ్వాలా అంటే, ఏరేటర్‌తో రంధ్రాలు చేసే పని వరకు ఇవ్వండి, ఆ మిషన్ బరువుకి నా నడుం రెండు రోజులు లేవలేదు. నీళ్లు పెట్టడం మాత్రం మీ పనే, దానికి ఎవరూ రారు.

ఆకులు రాలాక పల్చగా ఉంటే గడ్డి కోసే మోవర్‌కి బ్యాగ్ తీసేసి వాటి మీదుగా తోలండి, ముక్కలై మట్టిలో కలుస్తాయి. దట్టంగా పేరుకుంటే ఊడ్చేయాల్సిందే, లేత మొలకలకి ఊపిరాడదు. మా మేపుల్ చెట్టు కింద ఒక మూల అలా వదిలేశాను, ఆ మూల ఇప్పటికీ బోసిగానే ఉంది.