డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు: చేయాలా, చేసినట్టు చూపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం పూర్తిచేసింది. వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అంటున్నారు. ఆ సమయంలో కంప్యూటర్ కోర్సులో చేర్పిద్దామనుకున్నాను. డబ్బులిస్తే ప్రాజెక్టు రికార్డు తయారుచేసి ఇచ్చేవాళ్లున్నారని సీనియర్లు చెబుతున్నారు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉందా? (ఒక తండ్రి, కనిగిరి)

జవాబు: రికార్డు కొనే ఆలోచన ముందు మానుకోండి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో, కేటాయించిన ఊరికి వెళ్లి సర్వే, అవగాహన కార్యక్రమం చేసే ఈ ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు కేటాయించారు. రోజుకు ఆరు గంటలు పనిచేసినా నెల రోజుల్లో అయిపోతుంది. కంప్యూటర్ కోర్సు సాయంత్రాలు నేర్చుకోవచ్చు, మిగిలిన సెలవుల్లో పూర్తిచేయవచ్చు. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోనక్కర్లేదు.

ఉపయోగం సంగతికి వస్తాను. లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 వేల మందికి పైగా కళాశాల విద్యార్థులను పరిశీలించి 2000లో ఒక నివేదిక ఇచ్చారు. సేవ చేసిన విద్యార్థులకు మేలు జరిగింది. ఆ సేవను చదివే సబ్జెక్టుతో ముడిపెట్టినవారికి చదువులో, ముఖ్యంగా రాయగలిగే నైపుణ్యంలో, ఇంకా ఎక్కువ మేలు కనిపించింది. చేసిన పని గురించి తరగతిలో చర్చించడం, తీరిగ్గా ఆలోచించి రాసుకోవడం ఇందులో కీలకమని కూడా తేలింది. అంటే ఫలితం గంటల లెక్క మీద కన్నా పనిని ఎంచుకున్న తీరు మీద ఆధారపడుతుంది. కెమిస్ట్రీ చదివే అమ్మాయి చీపురు పట్టుకుని ఫొటో దిగితే ఆమె నేర్చుకునేదీ ఉండదు, ఊరికి మిగిలేదీ ఉండదు.

మీ ప్రాంతంలో ఆమె సబ్జెక్టుకు సరిపోయే పని కళ్లెదుటే ఉంది. కనిగిరి చుట్టుపక్కల నీళ్లలో ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కేటాయించిన ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగుతున్నారో, ఏవి వాడకానికే పరిమితమో ఇంటింటికీ వెళ్లి తెలుసుకోమనండి. ప్రతి బోరు నుంచి నమూనా తీసి, తేదీ, చోటు రాసి, కళాశాల ల్యాబ్‌లో లెక్చరర్ పర్యవేక్షణలో పరీక్షించాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు నీటి పరీక్ష కిట్ల వాడకంలో శిక్షణ ఇస్తున్నారు. ఆ ఊళ్లో అలాంటివారు ఉంటే మొదట వారినే కలవాలి. ఏ బోరులో ఏ కాలంలో నీళ్లు మారతాయో పుస్తకాలకన్నా వారికే బాగా తెలుస్తుంది.

అవగాహన కార్యక్రమంలో చెప్పడానికి కూడా గట్టి విషయం ఉంది. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది కూడా. ఈ ఒక్క మాట ఇంటింటికీ చేరినా ఆ 180 గంటలకు విలువ ఉన్నట్టే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిని మాత్రం ఇంటి చిట్కాలా నేర్పవద్దు. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది.

ఊరివైపు నుంచి ఒక మాట. వచ్చి, ప్రశ్నలు అడిగి, రాసుకుని వెళ్లిపోయి, మళ్లీ ముఖం చూపించని విద్యార్థుల మీద పల్లెల్లో విసుగుంది. అది న్యాయమైన విసుగు. వాళ్లు కూలి మానుకుని సమాధానాలు చెబుతారు. అందుకే ఫలితాలను ఒక పేజీలో తెలుగులో రాసి పంచాయతీకి, గ్రామ సచివాలయానికి అందించాలి. ఏదైనా బోరులో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తే జనాన్ని భయపెట్టకుండా, గ్రామీణ నీటి సరఫరా విభాగం చేత మళ్లీ పరీక్ష చేయించమని లెక్చరర్ ద్వారా కోరాలి. ఫ్లోరైడ్ వల్ల వంకర తిరిగిన కాళ్లను ఫొటోలు తీసి నివేదికలో పెట్టడం వద్దే వద్దు.

ఇక ఉద్యోగం. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో దీనికి మార్కులు రావు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఫార్మా సంస్థల నాణ్యతా విభాగంలో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మాత్రం నమూనా ఎలా తీశావు, ఒకే నమూనాకు రెండు రీడింగులు వేర్వేరుగా వస్తే ఏం చేశావు అని అడిగితే ఆమె దగ్గర సొంత జవాబు ఉంటుంది. రికార్డు కొన్నవారు అక్కడే దొరికిపోతారు. నీటి పరీక్ష ప్రయోగశాలలు, ప్రజారోగ్యం, గ్రామీణాభివృద్ధి వైపు మనసు మళ్లితే హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ (ఎన్‌ఐఆర్‌డీపీఆర్), గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా వంటి చోట్ల పీజీ చదువులున్నాయి. అక్కడ ఊరు తెలిసిన విద్యార్థి మాటకు బరువుంటుంది.

ఊరి కేటాయింపు ఖరారు కాకముందే ఆమెను మెంటర్ లెక్చరర్‌తో మాట్లాడమనండి. కళాశాల ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్షకు వీలుందో లేదో మొదట అడగాలి. లేకపోతే పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్ పరీక్షలతో మొదలుపెట్టవచ్చు. లాగ్ బుక్‌లో ప్రతి సాయంత్రం ఆ రోజు ఏమి అర్థమైందో, ఏమి అర్థం కాలేదో పది వాక్యాలు రాయాలి. ఇంటర్వ్యూకు ముందు రోజు ఆమె తిరగేయవలసింది ఆ పేజీలనే.