పాప బరువు, ఎదురింటి బాబు బరువు

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకు ఐదు నెలలు నిండాయి. పుట్టినప్పుడు 2.7 కిలోలు. టీకాలకు వెళ్లినప్పుడు తూయిస్తే ఆరో వారంలో 3.9, పదో వారంలో 4.6, పద్నాలుగో వారంలో 5.2 వచ్చింది. మొన్న 5.9 ఉంది. నా పాలు తప్ప ఇంకేమీ పట్టట్లేదు. ఎదురింటి బాబుకూ ఐదు నెలలే, వాడు 7.8 కిలోలున్నాడు. వీడియో కాల్ చేసినప్పుడల్లా అత్తయ్య ‘పిల్ల చిక్కిపోయింది, నీ పాలు చాలట్లేదు, డబ్బా పాలు మొదలుపెట్టు’ అంటున్నారు. నాకూ భయంగానే ఉంది.
- ఒక తల్లి, తణుకు

జవాబు: భయం వద్దమ్మా, మీ పాలు చాలుతున్నాయి. డబ్బా కొనకండి. పుట్టిన బరువుకు రెట్టింపు కావడానికి బిడ్డకు ఐదు నెలలు పడుతుంది, మూడింతలు కావడానికి ఏడాది. మీ పాప బరువు రెట్టింపు అంటే 5.4. అది ఎప్పుడో దాటేసింది.

ఇక ఎదురింటి బాబు సంగతి. ఆడపిల్లల పట్టిక వేరు, మగపిల్లల పట్టిక వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం ఐదు నెలల ఆడపిల్ల 5.4 నుంచి 8.8 కిలోల మధ్య ఎక్కడున్నా మామూలే. మగపిల్లాడికైతే 6 నుంచి 9.3 దాకా. ఇద్దరూ బాగానే ఉన్నారు. ‘అవి విదేశీ పిల్లల లెక్కలు, మనకు వర్తించవు’ అని కొందరంటారు. 2006లో వచ్చిన ఆ పట్టికల కోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు, అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు.

మీరు పంపిన అంకెల్ని నేను పట్టిక మీద చుక్కలు పెట్టి కలిపి చూశాను. పుట్టినప్పుడు మధ్య గీతకు కాస్త కింద ఏ దారిలో ఉందో, ఇప్పుడూ ఆ దారిలోనే వస్తోంది. నేను చూసేది అదే. సన్నగా పుట్టి తన దారిలో పెరిగే పిల్ల గురించి నాకు బెంగ లేదు. నాలుగు కిలోలతో పుట్టి నెలనెలా గీత కిందికి దిగుతున్న పిల్లాణ్ని మాత్రం ఆ రోజే పరీక్ష చేయాలి, చూడ్డానికి వాడు బొద్దుగా ఉన్నా సరే.

నాలుగో నెల దాటాక చాలామంది తల్లులు ఇదే ప్రశ్నతో వస్తారు. దానికో కారణం ఉంది. మొదటి మూడు నెలలు బిడ్డ రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. తర్వాత అది 15, 20కి తగ్గుతుంది, ఆరు నెలలు దాటితే ఇంకా తగ్గుతుంది. ప్రకృతి సహజంగా తగ్గే ఈ వేగాన్ని పాలు తగ్గడంగా పొరబడి డబ్బా తెస్తారు. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా చీకదు, చీకకపోతే పాలు ఊరడం తగ్గుతుంది. లేని కొరత అలా నిజంగానే వచ్చి పడుతుంది.

పాలు అందుతున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పాప తాగేటప్పుడు ఫ్యాను ఆపి చెవి దగ్గర పెట్టండి. మొదట గబగబా చీకుతుంది, పాలు దిగగానే దవడ నిదానంగా, లోతుగా ఆడుతుంది, ఒకటి రెండు చీకులకో గుటక వినిపిస్తుంది. కడుపు నిండాక తనే రొమ్ము వదిలేసి పిడికిళ్లు విప్పి సోలిపోతుంది. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తే ఇంక సందేహమే అక్కర్లేదు. తూయించేటప్పుడు ఎప్పుడూ ఒకే కాటా మీద, బట్టలూ డైపరూ తీసేసి తూయించండి. తడిసిన డైపరే 200 గ్రాములు తూగొచ్చు.

నెల రోజులైనా బరువు కదలకపోయినా, పాలు తాగుతుంటే నుదుటి మీద చెమటలు పట్టి ఆయాసపడినా, నవ్వే పిల్ల మందకొడిగా మారినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఆ చెమటను ‘ఎండాకాలం కదా’ అని వదిలేయొద్దు, గుండె జబ్బు అలాగే బయటపడుతుంది.

ఈసారి అత్తయ్య గారు ఫోన్ చేస్తే అంగన్‌వాడీ వాళ్లిచ్చిన తల్లీబిడ్డల కార్డు తెరిచి, మీరే చుక్కలు కలిపిన గీత ఆమెకు చూపించండి. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా వద్దు. విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ వేయండి.

ప్రశ్న: డాక్టరమ్మా, మనవడికి తొమ్మిదో నెల నడుస్తోంది. ఆనకుండా కూర్చుంటాడు, పిలిస్తే చూస్తాడు, కానీ పాకట్లేదు. వాకర్ కొనమంటున్నారు, కొనమంటారా?
- ఒక తాతయ్య, సిద్దిపేట

జవాబు: కొనొద్దు తాతయ్య గారూ. మెట్ల మీంచి పడిన పిల్లల్ని, వేడి గిన్నె లాక్కున్న పిల్లల్ని చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కెనడాలో 2004లోనే వాకర్ల అమ్మకం నిషేధించారు. పైగా వాకర్‌తో నడక త్వరగా రాదు. కొందరు పిల్లలు అసలు పాకకుండానే నిలబడి నడిచేస్తారు. నడక ఏడాదికే వచ్చేవాళ్లున్నారు, ఏడాదిన్నరకు వచ్చేవాళ్లూ ఉన్నారు. మనవణ్ని చంక దించి, నేల మీద బొంత పరిచి బోర్లా వేయండి. అందీ అందనంత దూరంలో ఒక స్టీలు గిన్నె పెట్టండి. ఒక చెయ్యే వాడుతూ రెండోదాన్ని ముడిచే ఉంచుతున్నా, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నా, ఇప్పటిదాకా వచ్చినవి మర్చిపోతున్నా అప్పుడు తీసుకెళ్లండి.

ప్రశ్న: బాబుకు రెండో నెల. మా అమ్మ స్నానం చేయించి ముక్కులో నూనె వేస్తోంది, వస అరగదీసి తేనెతో నాకిస్తానంటోంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటోంది.
- బెంగళూరు నుంచి ఒక కోడలు పిల్ల

జవాబు: ఒళ్లంతా నూనె రాసి మర్దన చేయనివ్వండి, అది బిడ్డకూ హాయి, అమ్మమ్మకూ సంతోషం. ముక్కులో, చెవిలో మాత్రం చుక్క కూడా వద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. తేనె ఏడాది నిండేదాకా నాలుక మీద రాయడం కూడా తప్పే. అందులో ఉండే కొన్ని సూక్ష్మక్రిములు పసిబిడ్డ పేగుల్లో పెరిగి విషం వదులుతాయి, ఒళ్లు వాలిపోయి ఊపిరే ఆగే ప్రమాదం ఉంది. వస కూడా వద్దు, తల్లిపాలు తాగే బిడ్డకు దాని అవసరం లేదు. అమ్మను మీతోపాటు టీకాకు తీసుకెళ్లండి. అక్కడి డాక్టరు నోటితో వింటే నొచ్చుకోరు.